ఇంటికొక మనిషి

పెళ్ళిళ్ళ మీద బతికేవాడికి పుష్యమాసం ఎలా గడుస్తుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ముహూర్తాలుండవు, గృహప్రవేశాలుండవు. డుంబ్రిగుడలో మా నూకాంబిక టెంట్ హౌస్ గోదాములో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పైకప్పు అందుకుంటాయి. షామియానా మడతల్లో ఎలుకలు కాపురాలు పెడతాయి. వంట డేగిసాలు బోర్లా పడుకుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అరకు రోడ్డు మీద కార్లు వరసకట్టి ఎక్కుతుంటాయి. చలికి వణకడానికీ, తెల్లారకుండా లేచి మబ్బులు చూడడానికీ జనం విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నా సరుకు నిద్రపోయే నెలలో లోకం మా కొండల మీద నిద్ర లేవడానికి వస్తుందన్నమాట. ఈ రెండింటినీ కలపలేకపోతే నేను వ్యాపారినెలా అవుతానని పోయిన కార్తీకంలో అనిపించింది.

తొందరపడడానికి ఇంకో కారణం మా ఇంట్లోనే ఉంది. నా భార్య ఉమామహేశ్వరి అన్నగారికి ఎస్.కోటలో బట్టల కొట్టుంది. కొట్టు పక్క గది ఖాళీ అయిందనీ, అందులో రెడీమేడ్ పెట్టి నన్ను కూర్చోబెడతాననీ ఆయన ఫోను మీద ఫోను చేస్తున్నాడు. మంచివాడే. కానీ బావమరిది కొట్లో చొక్కాలు విప్పి చూపించి మళ్ళీ మడతలు పెట్టే బతుకు తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. ఉమకి మాత్రం దిగిపోవాలనే ఉంది.

"ఇక్కడ మనకెవరున్నారండీ?" అనేది. "మీ కుర్చీలు అందరిళ్ళకీ వెళ్తాయి. మనల్ని పిలిచే గుమ్మం ఒక్కటి చూపించండి."

"ఈ సీజను చూద్దాం. పుష్యం దాటేలోగా ఏ దారీ కనబడకపోతే దిగిపోదాం" అన్నాను.

మాట తప్పే అలవాటు నాకు లేదు. అందుకే భయం.

పనసగుడ మీదున్న కొండని ఊళ్ళో వాళ్ళు మేకలమెట్ట అంటారు. అది ఫారెస్టు భూమి. మేకలు మేస్తాయి, ఆడవాళ్ళు పుల్లలేరుకుంటారు. అక్కడ టెంట్లు వేయించి యాత్రికుల్ని ఉంచుకోవచ్చని పనసగుడ వనసంరక్షణ సమితికి అటవీశాఖ అనుమతిచ్చింది. అనుమతి చేతిలో పెట్టుకుని టెంట్లు లేక వాళ్ళు కూర్చున్నారు. కింది నుంచి వచ్చిన నాలాంటివాడు ఏజెన్సీలో సెంటు భూమి కొనడానికి లేదు. నా దగ్గర టెంట్లు కొనే పెట్టుబడి ఉంది, వెయ్యడానికి చోటు లేదు. ఇంతకన్నా కుదిరిన బేరం ఎక్కడుంటుంది? గేటు రుసుమూ వంటా సమితివి, టెంట్ల అద్దె నాది అనుకున్నాం.

సమితికి పెద్ద కనక. కాఫీ తోట, రెండు ఆవులు, గట్టి గొంతు ఉన్న మనిషి. నేను మొదటి టెంటు విప్పి చూపిస్తే చుట్టూ తిరిగి, లోపలికి తల పెట్టి చూసింది.

"ఇదేటి సావుకారి, గొడుక్కి గోడలు కుట్టించినావా?"

"ఇందులో పడుకోడానికే వస్తారమ్మా జనం."

"ఆళ్ళకి ఇళ్ళు నేవా?"

"ఉన్నాయి. అందుకే వస్తారు."

కనక కాసేపు ఆలోచించి, అర్థమైనట్టు తలూపింది.

మెట్ట అంచున నిలబడితే కింద లోయ కనబడదు. తెల్ల షామియానా ఉతికి ఆరబెట్టినట్టు ముడతలు ముడతలుగా మబ్బు పరుచుకుని ఉంటుంది. వలిసెలు పూసే రోజులేమో, చెరియలన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. చూపు ఎక్కడుంటే బేరం అక్కడుంటుంది కాబట్టి అంచునే టెంట్లు దింపించాను.

"అంచున వద్దు సావుకారి" అంది కనక. "గాలి తిరిగే సోటది. మేకలు కూడా అక్కడ పడుకోవు."

"మేకలు మబ్బులు చూడ్డానికి రావు కదమ్మా."

"అదీ నిజమే" అని నవ్వి ఊరుకుంది.

ఆ వారంలో తుఫాను తీరం దాటకుండా పక్క నుంచి పోయిందని టీవీలో చెప్పారు. పక్క నుంచి పోతూ పోతూ నా టెంట్లు పట్టుకుపోయింది. అతిథులింకా ఎవరూ రాలేదు, అదొక్కటే అదృష్టం. వాన తగ్గాక పొద్దున్నే వెళ్ళి చూస్తే ఒక టెంటు వలిసె చేలో పడి ఉంది, ఒకటి సిల్వర్ ఓక్ కొమ్మన వేలాడుతోంది, ఒకటి గెడ్డ నీళ్ళలో నానుతోంది. నేను మెట్ట మీద రాయిలా నిలబడిపోయాను. ఉమకి ఏం చెప్పాలా అనే ఆలోచన తప్ప ఇంకేం లేదు.

అప్పుడు కింద నుంచి మనుషులు ఎక్కడం కనబడింది. గునపాలు, పారలు, గంపలు. ఆడా మగా కలిపి ఊరు ఊరంతా వచ్చినట్టుంది. ముందు మంగ్లు. అతను ఆ ఊరి బారిక. పెద్దలు ఏదైనా అనుకుంటే సాయంత్రం బండరాయి మీద నిలబడి ఊరందరికీ వినబడేలా కేకవేసి చెప్పే పని అతనిది. ముసలివాడు గానీ గొంతుకి మాత్రం వయసు రాలేదు.

"పిలుపేసినాను సావుకారి" అన్నాడు. "ఇంటికొక మనిషి."

ఎవరూ నన్నేమీ అడగలేదు. కనక చూపించిన చోట, అంచుకి వెనకగా గాలి తగలని వాలులో, తమ పొలాలకి మడులు దిద్దినట్టే మెట్లు మెట్లుగా నేల చదును చేశారు. రాళ్ళు పేర్చి గట్టు కట్టారు. నీళ్ళు పోవడానికి కాలువ తీశారు. ఫల్గుణ అనే అతను చెట్టెక్కి కొమ్మన ఉన్న టెంటుని చిరగకుండా దించి, భుజాన వేసుకుని తెచ్చాడు. పొద్దు నడినెత్తికి రాకముందే నేను పగలంతా కూలీల్ని పెట్టినా కాని పని పూర్తయింది.

నేను జేబులో చెయ్యి పెట్టాను.

"డబ్బులేటి?" అంది కనక చిరాగ్గా. "పిలుపేసి సేసిన పనికి డబ్బులిత్తారేటి ఎవరన్నా? కూడు పెట్టు."

డేగిసాలు తెప్పించి కోడికూర వండించాను. నవ్వుకుంటూ, నా వంటవాణ్ణి వెక్కిరిస్తూ తిన్నారు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఉమకి ఉత్సాహంగా చెప్పాను.

"ఊరంతా వచ్చింది ఉమా! కూలి ఇస్తానంటే వద్దన్నారు. ఒక్క పూట భోజనంతో పనైపోయింది. లాభం అంటే ఇదీ."

ఉమ రసం పోస్తూ, "వద్దన్నారా, ఇప్పుడొద్దన్నారా?" అంది.

రసం వేడిగా ఉంది. ఆ తేడా నేను పట్టించుకోలేదు.

*

మార్గశిరంలో మనుషులు రావడం మొదలైంది. మొదట కుర్రకారు. వాళ్ళకి కావలసినవి మంట, పాట, ఫోను చార్జింగు. మబ్బు సరిగ్గా పరుచుకునే వేళ మంగ్లుకి బాగా తెలుసు. చీకటుండగానే లేచి టెంట్ల మధ్య నిలబడి "మబ్బు లేసిందోయ్! బేగి రండోయ్!" అని ఒక్క కేక పెట్టేవాడు. ఒకబ్బాయి దుప్పట్లోంచే "తాతా, ఇంకో ఐదు నిమిషాలు" అన్నాడట. "నాకెందుకు సెప్తావు, మబ్బుకి సెప్పు" అన్నాడట మంగ్లు. ఆ మాట ఫోన్లలో ఎక్కి ఎక్కడెక్కడికో పోయింది. మంగ్లు కేక కోసమే వచ్చినవాళ్ళున్నారు.

అయినా శని, ఆదివారాలు నిండితే మిగతా రోజులు మేకలే మిగిలేవి. ఒక్కోసారి ఆశ, ఒక్కోసారి ఎస్.కోట.

మెట్టకి ఎక్కే దారిలో నీలం పరదా కప్పుకున్న ఇల్లొకటి ఉండేది. ఫల్గుణ ఇల్లు. గాలికి పరదా పటపట కొట్టుకుంటుంటే చూసి, మా గోదాములో మందపాటి టార్పాలిన్ ఉంది, తక్కువలో ఇస్తాను తీసుకో అన్నాను ఒకసారి. అతను నవ్వాడు.

"వద్దులే సావుకారి. పెంకులొత్తాయి."

బేరం పోయిందనుకున్నాను తప్ప, ఆ కప్పు ఎప్పుడు పోయిందని అడగాలని నాకు తోచలేదు.

ఒక సంతరోజున కనక మా కొట్టుకొచ్చి నిలబడింది.

"నిన్న రానేదేం సావుకారి?"

"ఎక్కడికమ్మా?"

"గెడ్డ కాలువ పూడిక తీయడానికి. మంగ్లు పిలుపేసినాడు గదా. మెట్ట మీదే ఉన్నావు, ఇనపడ్నేదా?"

"వినబడింది. కానీ నాకు పొలమెక్కడిది కనకమ్మా, నీళ్ళు కట్టుకోడానికి?"

"మాకు టెంట్లెక్కడివి, మెట్ట సదును సేయడానికి?"

ఆమె నవ్వుతూనే అంది. మిరపకాయలు బేరమాడుతున్న నలుగురు కూడా నవ్వారు. అప్పటికి అర్థమైంది, నా పనికి వాళ్ళు రావడంతోనే నా ఇల్లు కూడా ఆ ఊరి పిలుపులోకి చేరిపోయిందని. ఎవరూ నన్ను అడగలేదు. అడగాల్సిన పనుందని వాళ్ళకి తోచి ఉండదు.

సరే, మార్గం ఉంది అనుకున్నాను. వ్యాపారికి ఎప్పుడూ మార్గం ఉంటుంది. తర్వాతి పిలుపుకి నేను వెళ్ళలేదు గానీ, పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం కూర్చుని తింటారని ఆటో నిండా కుర్చీలు పంపించాను. అద్దె లేకుండా. ఎర్రవి, కొత్తవి.

సాయంత్రం ఆటో నిండా కుర్చీలు తిరిగొచ్చాయి. తాడు కూడా విప్పలేదు. డ్రైవరు సిగ్గుపడుతూ కనక మాటలు అప్పజెప్పాడు.

"'మడిసిని పంపమంటే కుర్చీలంపినాడు. ఇవి రాళ్ళు మోస్తాయేటి?' అన్నాదండి."

ఉమ లోపల పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం విన్నాను కాబట్టి నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు.

ఆ తర్వాతి పిలుపుకి సంతలో ఒక కూలీని కుదిర్చి పంపాను. అతనికి కడుపు నిండా అన్నం పెట్టి, ఒక గుమ్మడికాయ కూడా చేతిలో పెట్టి, పని చెప్పకుండా తిప్పి పంపారు. "సావుకారి ఇంటి మడిసివా అని అడిగారండి, కాదన్నాను" అన్నాడు పాపం.

"గుమ్మడికాయ ఎవరిదండీ, మనదా అతనిదా?" అంది ఉమ. ఇంట్లో కూడా పరువు పోయింది.

*

పుష్యంలో మర్రిపాలెం నుంచి ఉదయ నడక సంఘం వాళ్ళు ఫోను చేశారు. అందరూ రిటైరైన వాళ్ళు, చాలామంది దంపతులు. సంఘానికి పెద్ద వరహాలరావుగారు, బ్యాంకు మేనేజరుగా చేసి దిగిన మనిషి. "మాకు నచ్చితే విశాఖలో ఉన్న నడక సంఘాలన్నింటినీ వంతులవారీగా పంపిస్తాను. నచ్చకపోతే అదీ అందరికీ చెప్తాను" అన్నారు. వాళ్ళు శనివారం వస్తారు. ఎస్.కోట గది గురించి ఆదివారానికల్లా ఏదో ఒకటి తేల్చమని బావమరిది అప్పటికే చెప్పి ఉన్నాడు. ఇంక నా సీజనంతా ఆ ఒక్క గుంపు మీదకి వచ్చి కూర్చుంది.

వచ్చారు. కోతిటోపీలు, మఫ్లర్లు, మందుల సంచులు, ఆవకాయ సీసాలు. వరహాలరావుగారి భార్య అచ్చియమ్మగారు దిగగానే నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశారు.

"బాగానే ఉంది గానీ బాబూ, ఈ సంచిలో దూరేదెలాగ? వంగితే ఈయన మళ్ళీ లేవరు."

"పాక్కుంటూ వెళ్ళాలమ్మా."

"డెబ్బయ్యేళ్ళకి పాకిస్తన్నావు. మంచిది."

మంట వేశాం. బొంగు చికెన్ అడిగినవాళ్ళకి బొంగు చికెన్, వద్దన్నవాళ్ళకి పప్పుచారు. అంతా సరిగ్గా పోతోంది. పొద్దు వాలుతుండగా ఊళ్ళోంచి మంగ్లు గొంతు లేచింది.

"రేపు ఫల్గుణ ఇంటి కప్పోయ్! ఇంటికొక మనిషోయ్! పొయ్యి అక్కడేనోయ్!"

తర్వాత ఒక్కో ఇంటి పేరూ పిలిచాడు. తోటిల్లు. గెడ్డిల్లు. పనసచెట్టిల్లు. పిలిచిన ప్రతి ఇంటి నుంచీ "ఓ!" అని జవాబొచ్చింది. వరహాలరావుగారు ముచ్చటపడి ఫోనులో రికార్డు చేసుకున్నారు. నేను మాత్రం వంటపాకలోకి పరిగెత్తాను.

"కనకమ్మా, రేపే కుదిరిందా? పొద్దున్న టీ, ఉప్మా?"

"పొయ్యి అక్కడే అన్నాడు గదా." కనక గరిటె కడుగుతోంది. "ఊళ్ళో ఒకింటి కప్పు ఇప్పితే, అది మూసీదాకా ఇంకే ఇంటా పొయ్యి ఎలగదు. అందరి కూడూ ఆ వాకిట్లోనే."

"ఒక్కరోజు ఆగొచ్చుగా."

"పెంకులు ఇయ్యాలే దిగినాయి. ఎన్నాళ్ళాగుతాడు? నీ టెంట్లెగిరిన రేతిరే ఆడి కప్పూ ఎగిరింది."

ఆ పొద్దున్న చెట్టెక్కి నా టెంటు దించినవాడు ఫల్గుణ.

"మరి ఆవేళ..."

"పిలుపు నీ పనికేసినాం గదా, వొచ్చినాడు" అంది కనక, అందులో చెప్పుకోడానికేం లేనట్టు.

మనసు ఎక్కడో గుచ్చుకుంది గానీ అతిథులు అతిథులే. ఉమకి ఫోను చేసి, తెల్లారకముందే ఆటోలో గ్యాసుస్టవ్వు, రవ్వ, పాలు తీసుకుని రమ్మన్నాను. ఆమె అంతవరకూ ఎప్పుడూ మేకలమెట్ట ఎక్కలేదు. "చివరి రోజుకి నన్ను కూడా పనిలో పెడుతున్నారు" అని సణిగింది గానీ వచ్చింది.

మంగ్లు "మబ్బు లేసింది" కేక వేసి కిందకి వెళ్ళిపోయాడు. ముసలివాళ్ళంతా అంచున చేరి, మబ్బు మీదకి సూర్యుడు రావడం చూసి చిన్నపిల్లల్లా అరుస్తున్నారు. ఉమ స్టవ్వు వెలిగించి నీళ్ళు పెట్టింది. శాలువా కప్పుకుని కింద ఊరివైపు చూస్తూ నిలబడింది.

"ఏ ఇంటా పొగ లేదేటండీ?"

కనక చెప్పింది చెప్పాను. ఫల్గుణ సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు.

"మనిల్లు ఆ ఊళ్ళో లెక్కా, కాదా?" అంది.

"కాదు. మనది డుంబ్రిగుడ."

"మరి మీ పనికి ఆళ్ళెందుకొచ్చారు?"

నీళ్ళింకా మరగలేదు. ఉమ వంగి స్టవ్వు చెవి తిప్పి ఆర్పేసింది. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, పైటకొంగు నడుముకి దోపుకుని, వాలు దారిన దిగిపోయింది. వెనక్కి చూడలేదు. "పాలు?" అని అరిచాను. "తెండి" అంది.

వరహాలరావుగారు చేతులు రుద్దుకుంటూ వచ్చారు.

"అద్భుతం జగదీష్‌గారూ! టీ ఏదీ?"

ఆయన ముందు ఆరిపోయిన స్టవ్వుంది. నా చేతిలో పాలక్యాను ఉంది. ఏం చెప్పినా మునిగేదే, నిజం చెప్తే త్వరగా మునుగుతాం.

"కిందుంది సార్."

"కిందంటే?"

"ఒకాయన ఇంటికి పెంకులు ఎక్కిస్తున్నారు. ఇవాళ ఊరందరికీ టీ అక్కడే."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. వెనక నుంచి అచ్చియమ్మగారు, "టీ ఎక్కడుంటే అక్కడికే. మోకాళ్ళు కూడా ఈడ్చుకుని పదండి" అన్నారు.

గెడ్డ దాకే ట్రాక్టరు వస్తుంది. అక్కడ పెంకులు గుట్టగా పోసి ఉన్నాయి. గెడ్డ నుంచి ఫల్గుణ ఇంటి దాకా వాలు పొడుగునా మనుషులు వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి పెంకులు అందిస్తున్నారు. ఇంటి మీద ఫల్గుణ, ఇంకో ఇద్దరూ వాసాల మీద కూర్చుని పరుస్తున్నారు. వాకిట్లో ఫల్గుణ భార్య బేబి పెద్ద కుండలో రాగిజావ కలుపుతోంది. వరస మధ్యలో, కనక పక్కన, ఉమ. ముఖమంతా ఎర్రటి దుమ్ము.

"ఎవురింటి మడిసివమ్మా?" అని మంగ్లు కింద నుంచి అరిచి అడిగాడు.

"టెంట్లింటి మనిషిని!" అంది ఉమ.

నేను పాలక్యాను బేబికిచ్చి, చొక్కా చేతులు మడిచి వరసలోకి వెళ్ళబోయాను. కనక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంటికొక మనిషే. నీ ఇంటి మడిసి వొచ్చీసింది. నువ్వెందుకు సావుకారి?"

వరసంతా గొల్లుమంది. ఏం చెయ్యాలో తోచక, జావగ్లాసులు పట్టుకుని నిలబడ్డ నడక సంఘాన్ని చూపించాను.

"నేను వీళ్ళింటి మనిషిని."

"అలాగైతే ఆళ్ళేం సేస్తన్నారు, నిలబడి?"

అంతే. అచ్చియమ్మగారు గ్లాసు కింద పెట్టి ముందు నడిచారు. తర్వాత ఒక్కొక్కరే. కాళ్ళనొప్పులవాళ్ళకి రాళ్ళు వేసి కూర్చోబెట్టారు, చేతులకేం నొప్పుల్లేవుగా అని. వరహాలరావుగారు నాకు ఎగువన, మంగ్లు నాకు దిగువన. పెళ్ళిళ్ళకి బళ్ళకొద్దీ సామాను పంపినవాణ్ణి. అందులో ఏ ఒక్కటీ నేను మోసింది కాదని పది పెంకులు అందుకునేసరికి నడుం చెప్పింది.

వరహాలరావుగారు మేనేజరు కదా, ప్రతి పెంకునీ పైకే లెక్కపెడుతున్నారు. కాసేపటికి ఆయన ఆయాసపడుతుంటే మంగ్లు అన్నాడు:

"లెక్కెట్టకు బాబూ. లెక్కెడితే బరువెక్కుతాది."

ఆయన ఆపేశారు. నేను కూడా ఆపేశాను. నేను లోపల లెక్కపెడుతున్నానని మంగ్లుకెలా తెలిసిందో. పెంకులనే కాదు, పోయిన ఉప్మా, రాబోయే ఫిర్యాదు, ఎస్.కోట గది.

"పెళ్ళైన కాణ్ణించి ఈయన చేత మంచినీళ్ళ గ్లాసు ఎత్తించలేకపోయాను" అంటున్నారు అచ్చియమ్మగారు, అందరికీ వినబడేలా. "మీరు పెంకులెత్తించేశారు. మీ ఊరికి దణ్ణం!"

మధ్యాహ్నానికి సామల అన్నం, రాజ్మా కూర, ఆవకాయ. ఆవకాయ సీసాలు సంఘం వాళ్ళవి, క్షణంలో ఖాళీ అయ్యాయి. పొద్దు వాలకముందే చివరి పెంకు పడింది. నీలం పరదా మడిచి ఫల్గుణ కిందకి విసిరాడు. బేబి లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది. పెంకుల సందుల్లోంచి పొగ సన్నగా లేచింది. అందాకా ఊరుకున్న ఊరు కదిలింది. పక్కింటి నుంచి పొగ, ఆ పైయింటి నుంచి పొగ, అలా వాలంతా. మబ్బులు చూడడానికొచ్చిన వాళ్ళు నిలబడి ఆ పొగలు చూశారు. ఎవరూ ఫోటో తీసినట్టు లేదు. చేతులన్నీ దుమ్ము.

బస్సెక్కే ముందు వరహాలరావుగారు నన్ను పక్కకి పిలిచారు. నేను సిద్ధపడ్డాను.

"టీ ఇవ్వలేదు. ఉప్మా పెట్టలేదు. రోజంతా వెట్టి చేయించారు."

"సార్..."

"వచ్చే నెల ఇంకో సంఘం వస్తుంది. కప్పు వెయ్యాల్సిన ఇళ్ళు ఇంకా ఉన్నాయా, లేకపోతే మీరే విప్పించి పెడతారా?"

ఆయన ముఖం మారకుండా అన్నారు. బస్సులోంచి అచ్చియమ్మగారు నవ్వితే గానీ అది పరిహాసమని నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఉమ ఫోను మోగింది. అన్నగారు. ఆమె అరచేతులు వేడినీళ్ళల్లో పెట్టుకుని కూర్చుంది. "స్పీకరెయ్యండి" అంది.

"ఏమ్మా, ఏం తేల్చారు?"

"చేతులు బొబ్బలెక్కాయన్నయ్యా. ఫోను పట్టుకోలేకపోతన్నాను. తర్వాత మాట్లాడతాను."

"బొబ్బలా? ఏం చేస్తున్నావమ్మా అక్కడ?"

"మా ఊళ్ళో ఒకరింటికి కప్పేశాం" అంది ఉమ.

మా ఊళ్ళో అంది. నేను విననట్టు గోదాము తాళంచెవి వెతుక్కున్నాను.

*

మాఘం వచ్చింది, ముహూర్తాలు వచ్చాయి. డుంబ్రిగుడలో కుర్చీలు మళ్ళీ మెలకువ తెచ్చుకున్నాయి. ఎస్.కోట గదిలో ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు దిగాడట. బావమరిది కాస్త అలిగాడు గానీ నడక సంఘం వాళ్ళతో కలిసి వచ్చి టెంట్లో పాకి వెళ్ళి, మంగ్లు కేకకి ఉలిక్కిపడి లేచి, నవ్వుకుంటూ వెళ్ళాడు.

సీజను చివర్న టెంట్లు విప్పడానికి ఉమా నేనూ మెట్టకి వెళ్ళాం. వలిసె పూలు ఎప్పుడో రాలిపోయాయి. మేకలు మా మెట్ల మీద మేస్తున్నాయి. కనక గట్టు మీద కూర్చుని, ఉమ టెంటు మడత పెట్టే తీరుకి వంక పెడుతోంది. "అలాగ కాదు ఉమా, సీరలాగ మడత" అంటోంది. ఉమ ఆమెని, అక్కని పిలిచినట్టు, "నువ్వూరుకో అప్పా" అంటోంది. ఈ అప్పా ఉమా ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు.

పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా ఊళ్ళో మంగ్లు బండరాయెక్కాడు.

"రేపు బడి గోడోయ్! ఇంటికొక మనిషోయ్!"

పేర్లు మొదలయ్యాయి. తోటిల్లు, ఓ. గెడ్డిల్లు, ఓ. పనసచెట్టిల్లు, ఓ. ఫల్గుణ ఇల్లు. బేబి గొంతు, ఓ. వరస అయిపోయింది. నేను తాడు చుట్టబోతున్నాను. మంగ్లు ఊపిరి పీల్చుకుని ఇటు మెట్టవైపు తిరిగాడు.

"టెంట్లిల్లోయ్!"

రేపు డుంబ్రిగుడలో పెద్ద పెళ్ళి. కుర్చీలు, షామియానా, డేగిసాలు, అన్నీ వెళ్ళాలి. ఎవరో ఒకరు కొట్లో ఉండి తీరాలి. నేను ఉమ వైపు చూశాను. ఉమ నా వైపు చూసింది.

"ఓ!" అన్నాం ఇద్దరం, ఒకేసారి.

కింద ఊరు ఫక్కుమంది. ఆ నవ్వు మీదుగా మంగ్లు గొంతు పైకొచ్చింది.

"ఇంటికొకరే! బేగి తేల్చుకోండి!"

"నేనెళ్తాను" అన్నాను.

"కుర్చీలు మీవి" అంది ఉమ, కొంగు నడుముకి దోపుకుంటూ.